బంగారు గనుల ఊరిలో కాలువ ఎవరిది?

కోలారు బంగారు గనుల పేరు వినకుండా పెరిగిన తెలుగు కుటుంబం ఈ ప్రాంతంలో ఉండదు. ఒకరి మేనమామగారు అక్కడ టైము ఆఫీసులో పని చేసి ఉంటారు. మరొకరి పెత్తండ్రిగారు గనుల ఆస్పత్రిలో కాంపౌండరుగా ఉండి ఉంటారు. పెళ్ళిళ్ళకూ పండుగలకూ నలుగురూ చేరినప్పుడు దొరల క్లబ్బులు, బ్యాండు మేళాలు, బెంగుళూరుకంటె ముందే వెలిగిన కరెంటు దీపాలు, పాతాళానికి దిగే ఇనుప బోనులు - ఈ ముచ్చట్లు వింటూ పెరిగినవారమే మనమందరమూ.

ఆ ముచ్చట్లలో ఎన్నడూ రాని సంగతి ఒకటి ఉన్నది. వేలాది కుటుంబాలు ఇరుకు లైన్లలో కాపురమున్న అంత పెద్ద ఊరు రోజూ ఎలా శుభ్రపడేది? ఆ పని ఎవరు చేసేవారు? మేమూ ఎన్నడూ అడగలేదు. అడిగే అవసరం మా వీధిలో పొంగిన ఒక మురుగు గుంత వల్ల వచ్చింది. ఆ సంగతి ముందు చెప్పి, తరువాత ప్రయాణం సంగతి చెబుతాము.

కొన్నేళ్ళ కిందట వానాకాలంలో మా వీధి మొగన ఉన్న గుంత పొంగింది. మూడు రోజులలో మురుగు మా గుమ్మాల దాకా వచ్చింది. ఆఫీసు గుమాస్తాలము, అర్జీలు వ్రాయడం మాకు అలవాటే గనుక ఆ భారం మా మీద పడింది. మొదటి ఆఫీసువారు "గొట్టం మాది కాదు, ఫలానావారిది" అన్నారు. ఆ ఫలానావారు "గొట్టం మాదే గాని, రోడ్డు త్రవ్వాలంటే రోడ్డువారి అనుమతి కావాలి" అన్నారు. రోడ్డువారు "ఇది చెత్త అడ్డుపడి వచ్చిన చిక్కు, చెత్త చూచేవారు వేరే ఉన్నారు" అన్నారు. ప్రతివారూ మర్యాదగానే మాట్లాడారు. ప్రతివారు చెప్పినదీ వారి రూలు ప్రకారం నిజమే. మేమూ కాగితాలు తిప్పి బ్రతికేవాళ్ళమే గనుక వారిలో ఒకరినీ తప్పు పట్టలేకపోయాము.

తొమ్మిదవ రోజున వీధిలోవారమంతా తలా ఇంత వేసుకుని ఒక మనిషిని పిలిపించాము. రాత్రి పదిగంటలకు వచ్చాడు. ఒక మోకు, కొన్ని వెదురు బద్దలు, ఒక బకెట్టు - ఇవే అతని సామగ్రి. చొక్కా విప్పి లోపలికి దిగాడు. మేము కిటికీలు వేసుకున్నాము. గంట తరువాత మురుగు తీసింది. డబ్బు చేతికిస్తూ "ఏ ఊరబ్బాయీ మీది?" అని అడిగితే, మన తెలుగులోనే, "కే.జి.యఫ్. సార్, మారికుప్పం దగ్గర" అన్నాడు. త్రాగడానికి నీళ్ళడిగాడు. ఇంట్లో నిండా గ్లాసులుండగా, పాత ప్లాస్టిక్ సీసాలో నీళ్ళు పోసి ఇచ్చి, సీసా తీసుకుపొమ్మన్నాము.

అలా మనిషిని లోపలికి దింపడం నేరమని అప్పుడు మాకు తెలియదు. తెలిసి ఉంటే దింపకుండా ఉండేవారమా అని ఎవరైనా అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఆ సీసా మాత్రం చాలా రోజులు మనస్సులో మెదిలింది. చివరకు మొన్న సంక్రాంతి సెలవులలో, పిల్లలు కూడా ఆ ఊరు చూడలేదు గదా అని, ఇంటిల్లపాదిమీ మారికుప్పం రైలెక్కాము.

బెంగుళూరు నుంచి బంగారుపేట దాకా ఇది మదరాసు పోయే పెద్ద లైనే. బంగారుపేట పాత పేరు బౌరింగుపేట. అక్కడ నుంచి గనుల కోసం 1894లో వేసిన చిన్న శాఖ మొదలవుతుంది. ప్రొద్దుటిపూట మేము వెళ్ళే వైపు బండిలో కాళ్ళు చాపుకొని కూర్చున్నాము. ఎదురుగా బెంగుళూరు వెళ్ళే బండి మాత్రం తలుపుల దాకా మనుషులతో క్రిక్కిరిసి ఉన్నది. గనులు మూతపడిన తరువాత ఆ ఊరివారికి అన్నం పెట్టేది ఆ రైలే అని ప్రక్కనున్న పెద్దమనిషి చెప్పారు. కోరమండల్, ఊరుగాం, ఛాంపియన్, మారికుప్పం - స్టేషన్ల పేర్లు ఒక్కొక్కటే వస్తుంటే చిన్నప్పుడు విన్న కథలోని పాత్రలు ఎదురుపడినట్లే ఉంది.

కిటికీలోంచి ముందుగా కనిపించేవి సైనైడు దిబ్బలు. గనిలోంచి తీసిన రాతిని పిండి చేసి, సైనైడుతో బంగారం లాగివేసి, మిగిలిన బురదను నూరేళ్ళపాటు పోసిన గుట్టలివి. బూడిద రంగులో, పైన పొదలు మొలిచి, చిన్న కొండల వలె ఉన్నవి. గాలి వీచే కాలంలో వాటి ధూళి లైన్ల మీద పడుతుంది. దిబ్బ కంపెనీది, ధూళి ఊరివారిది అని అక్కడ అనుకుంటారట.

స్టేషనుకు మా దూరపు బంధువు ఒకాయన వచ్చారు. గనిలో ముప్పై ఏళ్ళు పని చేసి దిగిన మనిషి. మాకు వరసకు బాబాయి. ఆయన మమ్మల్ని మొదట తుప్పుపట్టిన గని చట్రాల దగ్గరికే తీసుకుపోయారు. చేతికర్రతో చూపుతూ ఆయన చెప్పినవీ, మేము అంతకుముందు తెలుసుకున్నవీ కలిపి టూకీగా చెబుతాము. 1875లో లవెల్ అనే ఐరిష్ మనిషి మైసూరు సర్కారు దగ్గర త్రవ్వుకునే హక్కు పొందాడు. 1880 నుంచి జాన్ టేలర్ కంపెనీవారు పని చేపట్టారు. 1902లో శివనసముద్రం నుంచి దాదాపు తొంభై మైళ్ళు తీగలు లాగి గనులకు కరెంటు తెచ్చారు. బెంగుళూరు వీధులకు దీపాలు వచ్చింది దాని తరువాత మూడేళ్ళకు. ఛాంపియన్ రీఫు గని మూడు కిలోమీటర్లకు పైగా లోతు పోయింది. మొత్తం మీద 800 టన్నులకు మించిన బంగారం ఈ నేల నుంచి వెళ్ళింది. 1956లో మైసూరు ప్రభుత్వం గనులను స్వాధీనం చేసుకున్నది. 1962లో కేంద్రం చేతికి వెళ్ళినవి. 1972లో భారత్ గోల్డ్ మైన్స్ అనే కంపెనీ ఏర్పడింది. 2001 ఫిబ్రవరి 28న మూతపడింది.

"అంతా ఒక్క చేతి మీద నడిచేది నాయనా" అన్నారు బాబాయి. "ఇల్లు కంపెనీది, నీళ్ళు కంపెనీవి, దీపం కంపెనీది, మందు కంపెనీది. కాలువ నిండితే సూపర్వైజరుకు చెబితే సరి, ప్రొద్దున్నే మనుషులు వచ్చి తీసేవారు."

ఆ మాట నిజమే. పాలారు నది మీద బేతమంగళం దగ్గర కట్టిన చెరువు నుంచి నీరు శుభ్రం చేసి గొట్టాలలో గనుల ఊరికి తెచ్చారు. గనుల ప్రాంతపు స్థానిక పాలన సంస్థకు పేరే శానిటరీ బోర్డు. ఊరిని పాలించే సంస్థ పేరులోనే పారిశుధ్యం ఉన్నదన్నమాట. పని విషయంలో గందరగోళం ఉండేది కాదు. కాని బాబాయి చెప్పిన "మనుషులు వచ్చి తీసేవారు" అన్న మాట దగ్గర మేము ఆగాము. ఆ మనుషులెవరు, ఎక్కడ ఉండేవారు అని అడిగాము. "అక్కడేముంది చూడటానికి?" అని ఆయన కొంచెం తటపటాయించి, తరువాత దారి చూపించారు.

లైన్లకు కొంత ఎడంగా కొన్ని మొండిగోడలు ఉన్నవి. వరుసగా చిన్న చిన్న అరలు. వెనుక ప్రక్క నేలను అంటి రంధ్రాలు. ఇవి పాతకాలపు నీరులేని దొడ్లు. ముందు గనికార్మికుల కుటుంబాలవారు వచ్చి పోయేవారు. వెనుక రంధ్రంలోంచి చేతితోనూ రేకుతోనూ ఎత్తి, బకెట్లలో మోసి, బండిలో పోసుకుపోయేవారు ఇంకొకరు. ఆ ఇంకొకరిలో ఎక్కువమంది తెలుగు కుటుంబాలవారే. కంపెనీ వారిని ఉద్యోగులుగా పెట్టుకున్నది, జీతమిచ్చింది, తండ్రి తరువాత కొడుకుకు, అత్త తరువాత కోడలికి అదే బకెట్టు ఇచ్చింది. మూడు కిలోమీటర్ల లోతున గాలి ఆడేటట్టు చేయగలిగిన ఇంజనీర్లు ఉన్న ఊరిలో, తొంభై మైళ్ళ దూరం నుంచి కరెంటు తెచ్చిన ఊరిలో, నేల మీద పది గజాల దూరం నీటిని దొడ్డికి తేవడానికి తొంభై ఏళ్ళు పట్టింది. చేతగాక కాదు. ఎత్తే మనుషులు ఉన్నారు గనుక నీటి అవసరం ఎవరికీ తోచలేదు.

ఆ కుటుంబాలలో ఒకదానిలో 1966లో పుట్టినవారే బెజవాడ విల్సన్‌గారు. ఇంట్లోవారు చేసే పని ఏమిటో చిన్నతనంలో ఆయనకు తెలియనివ్వలేదు. చదువుకు కుప్పం హాస్టలుకు పంపారు. పెద్దయి ఊరికి వచ్చి చూచిన తరువాత, 1986 ప్రాంతం నుంచి, ఈ దొడ్లు తీసివేయండని అధికారులకు ఉత్తరాలు వ్రాయడం మొదలుపెట్టారు. ఉత్తరాలతో పని జరగలేదు. నీరులేని దొడ్లనూ చేతితో ఎత్తించడాన్నీ నిషేధిస్తూ 1993లో చట్టం వచ్చింది. అప్పుడు ఆయన దొడ్ల ఫోటోలు తీసి పత్రికలకూ ప్రధానమంత్రికీ పంపారు. పార్లమెంటులో మాట వచ్చింది. అంతట కంపెనీవారు అత్యవసరంగా సమావేశమై, నీరులేని దొడ్లన్నిటినీ నీటి దొడ్లుగా మార్చాలనీ, ఎత్తే పనివారిని వేరే పనులకు మార్చాలనీ తీర్మానించారు. ఏళ్ళ తరబడి కానిది ఒక సమావేశంతో అయింది! తరువాత విల్సన్‌గారూ మిత్రులూ సఫాయి కర్మచారి ఆందోళన అనే సంస్థను దేశమంతటికీ స్థాపించారు. 2016లో ఆయనకు రామన్ మెగసెసే బహుమతి వచ్చింది. మన తెలుగువాడికి ఇంత గౌరవం వచ్చిందని మనం ఏ ఉగాది సభలోనైనా చెప్పుకున్నామా? మాకైతే జ్ఞాపకం లేదు.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఇల్లు, నీరు, దొడ్డి, జీతం అన్నీ ఒకే చేతిలో ఉండటంవల్ల ఆ చేయి నూరేళ్ళు అన్యాయం చేయగలిగింది. అన్నీ ఒకే చేతిలో ఉండటంవల్లనే, తప్పించుకోవడానికి వీలులేని రోజున, అది ఒక్క తీర్మానంతో సరిదిద్దుకోనూ గలిగింది. "మాది కాదు, ఫలానావారిది" అని చెప్పడానికి అక్కడ ఫలానావారు లేరు.

2001 తరువాత ఫలానావారు చాలామంది అయినారు. గని మూతపడినా మనుషులు లైన్లలోనే ఉన్నారు. ఆ నేలా ఇళ్ళూ మూతపడిన కేంద్ర కంపెనీ పేరున ఉండిపోయినవి. ఊరి పారిశుధ్యం రాబర్ట్‌సన్‌పేట నగరసభ చూడాలి. 1964లో వచ్చిన భారత్ ఎర్త్ మూవర్స్ కాలనీ రక్షణ శాఖ కంపెనీది. పెద్ద నీటి పథకాలూ డ్రైనేజి పథకాలూ కట్టేది రాష్ట్రపు నీటి సరఫరా, డ్రైనేజి బోర్డు. కట్టిన తరువాత నడిపేది నగరసభ. రైలు కట్ట దగ్గరి కాలువ రైల్వేవారిది. వీరందరి మీదా జిల్లా కలెక్టరుగారున్నారు గాని, కేంద్రం కంపెనీలు ఆయన క్రింద లేవు. ఒక దొడ్డి గుంత నిండిందంటే ఎవరి గుమ్మం ఎక్కాలి?

చట్టానికి కూడా ఈ చిక్కే తగిలింది. 1993 చట్టాన్ని పార్లమెంటు చేసినా, పారిశుధ్యం రాష్ట్రాల విషయం గనుక, రాష్ట్రాలు తీర్మానం చేసి ఒప్పుకుంటేనే అమలు. కర్ణాటక, ఆంధ్రప్రదేశ్ మొదలైన ఆరు రాష్ట్రాలలో అది అమలులోకి వచ్చింది 1997 జనవరి 26న. తరువాత 2013లో వచ్చిన చట్టం దాదాపు దేశమంతటికీ వర్తించింది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మురుగు గుంతలోకి దింపితే మొదటిసారికే రెండేళ్ళ దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జుల్మానా, లేదా రెండూను. దింపించినవారు ఆఫీసువారైనా, మనవంటి ఇంటివారైనా ఒకటే. ఈ రెండు చట్టాల నడుమ, 2011లో, ఈ గనుల ప్రాంతంలోనే గుంతలోకి దిగిన ముగ్గురు కార్మికులు విషవాయువుతో చనిపోయారు. ఆ గుంతల పని చేసేవారు గనిలో దిగేవారికంటె తక్కువ లోతుకే దిగుతారు. కాని గనిలో దిగేవాడికి దీపముండేది, గాలి పంపే యంత్రముండేది, దిగినవారి లెక్క వ్రాసే పుస్తకముండేది.

బాబాయి మమ్మల్ని ఒక ఇంటికి తీసుకువెళ్ళారు. డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దావిడ గుమ్మంలో కూర్చుని చింతపండు పిక్కలు తీస్తున్నది. ఆమె అత్తగారూ ఆమే ఆ బకెట్లు మోసినవారు. తెల్లారకముందే పోయేవారమనీ, వాన రోజులలో నెత్తి మీదినుంచి కారేదనీ మామూలుగా చెప్పింది. తరువాత కంపెనీవారు తనను తోటపనికి మార్చారట. "చెట్లకు నీళ్ళు పోస్తా వుంటి. ఆ నాలుగేండ్లే నేను ఉద్యోగం చేసినట్టు లెక్క" అని నవ్వింది.

ఇప్పుడెలా ఉన్నదమ్మా అని అడిగాము.

"ఇప్పుడు బకెట్టు లేదు నాయనా, అంత మట్టుకు మేలు. కానీ ఇల్లొకరిది, కాలువొకరిది, నీళ్ళొకరివి. అడిగితే ఒకరు ఇంకొకరి తట్టు చూపిస్తారు. చూపించి చూపించి కడాన దిగేది మా పిలకాయలే. ఈడ కాకపోతే బెంగుళూరులో."

ఆమె కోడలు టీ తెచ్చి ఇచ్చింది. వాళ్ళు త్రాగే స్టీలు గ్లాసులలోనే ఇచ్చింది. మా అమ్మాయి రెండోసారి కూడా అడిగి త్రాగింది. మేము ఆ రాత్రి దిగిన అబ్బాయి సంగతి చెప్పి, ఆనవాళ్ళు చెప్పి, ఎవరైనా ఎరుగుదురా అని అడిగాము. "అట్లాంటోళ్ళు వీధికి పదిమంది వుండారు, ఏ పిల్లోడని చెప్పేది" అన్నది పెద్దావిడ. అతను దొరకలేదు.

తిరుగు ప్రయాణం బస్సులో కోలారు మీదుగా పెట్టుకున్నాము. దారిలో నర్సాపురం చెరువు నిండుగా కనిపించింది. కోలారు జిల్లా ఎంత నీటి కరువు సీమో చదువరులకు తెలుసు. ఈ చెరువుల నీరు వాన నీరు కాదు, బెంగుళూరు వాడి వదిలిన మురుగును శుభ్రపరచి పంపినది. కోరమంగళ-చల్లఘట్ట లోయ పథకం పేరున 2018 జూన్‌లో మొదలైంది. రోజుకు 44 కోట్ల లీటర్లు, 126 చెరువులు నింపడం దాని లక్ష్యం. బెంగుళూరు నీటి బోర్డు శుభ్రం చేయాలి; చిన్న నీటిపారుదల శాఖ పంపు చేయాలి; కాలుష్య మండలి పరీక్షించాలి; చెరువులు ఊళ్ళవి. మొదలైన కొద్దికాలానికే లక్ష్మీసాగరం చెరువులో నురుగు లేచింది. తప్పు ఎవరిదన్న వాదం హైకోర్టుకూ, 2019లో సుప్రీంకోర్టుకూ వెళ్ళింది. కొంతకాలం నీరు ఆగి, మళ్ళీ వదిలారు. నీరు ఇంకా ఒక మెట్టు శుభ్రపడాలని రైతులు అడుగుతూనే ఉన్నారు. అయినా బోరుబావులలో నీరు పెరిగిన ఊళ్ళున్నవి. నలుగురు కలిస్తే బెంగుళూరు మురుగు కూడా కోలారు పంటకు పనికి వస్తుంది. ఒకరు తప్పితే నురుగు లేస్తుంది.

చిన్న ఊరైనా ఇది చేయవచ్చుననడానికి ఉదాహరణ దగ్గరలోనే ఉన్నది. బెంగుళూరు విమానాశ్రయం ప్రక్కనున్న దేవనహళ్ళిలో భూగర్భ డ్రైనేజి లేని రోజులలోనే, 2015లో, ఇళ్ళ గుంతల మడ్డిని శుద్ధి చేసే కేంద్రం పెట్టారు. మడ్డిని లారీ పీల్చుకుపోతుంది, కేంద్రంలో ఆరబెడతారు, ఊరి చెత్తతో కలిపి ఎరువు చేస్తారు. ఇందులో గొప్ప యంత్రమేమీ లేదు. గుంత, లారీ, కేంద్రం, ఎరువు ఈ నాలుగూ ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నవి. మడ్డి ఎక్కడ పారబోయాలో తెలిసిన లారీవాడు రాత్రిపూట చెరువు గట్టు వెదకడు.

ఈ చిక్కు మన ఒక్క దేశానిదీ కాదు. దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరంతో తెలుగువారి సంబంధం పాతది. 1860 తరువాత కూలి ఒప్పందాల మీద ఓడలెక్కిన మనవారి సంతానం అక్కడ 1931లో ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. ఆ నగరపు కార్పొరేషనులో ఊడ్చే పనికీ ఎత్తే పనికీ కుదిరిన తమిళులు, తెలుగువారు మ్యాగజీన్ బ్యారక్స్ అనే ఇరుకు లైన్లలో తరాల పాటు బ్రతికారు. మారికుప్పం లైన్ల కథే సముద్రానికి ఆవల కూడా. జాతులవారీగా ముక్కలు చేసిన ఆ నగరంలోని పాలక సంస్థలను కలిపి 2000లో ఇతెక్విని అనే ఒకే నగరపాలన చేశారు. నీరూ మురుగూ ఒకే విభాగానికి ఇచ్చారు. గొట్టం చేరని శివారు ఇళ్ళకు నీరక్కరలేని కొత్తరకం దొడ్లు కట్టించే పని కూడా ఆ విభాగానిదే; "గొట్టం లేని ఇల్లు మాది కాదు" అనడానికి వీలులేదు. 2014లో ఆ విభాగానికి స్టాక్‌హోం నీటి పరిశ్రమ బహుమతి వచ్చింది. 2022 ఏప్రిల్ వరదలలో అక్కడి శుద్ధి కేంద్రాలు దెబ్బతిని సముద్రతీరం మూసివేయవలసి వచ్చింది గనుక అంతా సాధించారని కాదు. కాని ఎవరిని అడగాలో అక్కడివారికి తెలుసు.

ఉగాండా రాజధాని కంపాలాలో పద్ధతి వేరు. మురుగు గొట్టాలు నీటి కార్పొరేషనువి. జనం ఎక్కువగా వాడేవి గుంత దొడ్లు, వాటిని చూడవలసింది నగరపాలన. ఇద్దరినీ ఒకటి చేయలేదు. అయితే నీటి కార్పొరేషను 2014లో లుబిగి అనే చోట కట్టిన కేంద్రం గొట్టాల మురుగునూ లారీల మడ్డినీ రెండిటినీ తీసుకుంటుంది. కాబట్టి ఆఫీసులన్నీ ఒకటైతేనే పని జరుగుతుందని కాదు. ఒకరి పని ముగిసేచోట ఇంకొకరి పని మొదలుకావాలి. నడుమ ఖాళీ ఉండకూడదు.

మేము ఇరవై ఏళ్ళుగా ఫైళ్ళు చూచినవాళ్ళము. రెండు ఆఫీసుల నడుమ కాగితం ఆగిపోతే ఏమవుతుందో తెలుసు - దుమ్ము పడుతుంది. కాని మురుగు కాగితం కాదు, ఆగదు. ఆఫీసుల నడుమ ఉన్న ఖాళీని ఎవరో ఒకరు పూడ్చవలసిందే. ఇన్నాళ్ళూ దానిని మనిషితో పూడ్చాము. మా వీధిలో మూడు ఆఫీసులూ ఒకరి తట్టు ఒకరు చూపించిన తొమ్మిది రోజులకూ కట్టిన వెల, ఆ అబ్బాయి గంటసేపు పీల్చిన గాలి. సమన్వయం అనే పెద్ద మాటకు అర్థం ఇదేనని కోలారు వెళ్ళి వచ్చాక తెలిసింది.

ప్రభుత్వాలు కొంత కదిలినవి. సుప్రీంకోర్టు 2014లో, గుంతలలో చనిపోయినవారి కుటుంబాలకు పది లక్షలివ్వాలన్నది. 2023 అక్టోబరులో దానిని ముప్పై లక్షలు చేసింది. 2020లో కేంద్రం, గుంతలు తీయించుకోవడానికి 14420 అనే ఒకే టెలిఫోను నెంబరు ప్రకటించింది. 2023లో మొదలైన నమస్తే పథకాన్ని సామాజిక న్యాయ శాఖ, పట్టణాభివృద్ధి శాఖ రెండూ కలిసి చేపట్టినవి. రెండు శాఖలు ఒక కాగితం మీద సంతకం చేయడం ఎంత కష్టమో గుమాస్తాలకు తెలుసు గనుక ఇది చిన్న సంగతి కాదంటాము.

మనవంతు చిన్నదే. గుంత పొంగినప్పుడు మనిషి కోసం కాక లారీ కోసం పట్టుబట్టడం. అర్జీలో "శుభ్రం చేయించండి" అని మాత్రమే వ్రాయక, "ఈ గుంతకు బాధ్యులైన అధికారి ఎవరో వ్రాతపూర్వకంగా తెలపండి" అని కూడా వ్రాయడం. మా వీధిలో ఈ ఏడు అలాగే వ్రాశాము. జవాబు రావడానికి పదిహేను రోజులు పట్టింది గాని, వచ్చింది. ఒక పేరు, ఒక హోదా, ఒక టెలిఫోను నెంబరు. ఆ కాగితం వీధిలోని అన్ని ఇళ్ళకూ నకలు పంచాము. తరువాత గుంత పొంగినప్పుడు లారీ రెండవరోజున వచ్చింది.

ఇంకొకటి కూడా. రాబోయే ఉగాదికి మన సంఘం సభకు మారికుప్పం లైన్ల నుంచి ఆ పెద్దావిడను పిలవాలని కార్యదర్శిగారికి ఉత్తరం వ్రాశాము. బంగారు గనుల ముచ్చట్లు ఇన్నాళ్ళూ ఒక ప్రక్కనే విన్నాము. ఆవిడ చెప్పేది కూడా మన భాషలోనే గదా. వస్తానని బాబాయితో కబురు పంపింది. రైలు చార్జీలు వద్దన్నది; సభలో భోజనం అందరితోపాటేనా అని మాత్రం అడిగిందట. అందరితోపాటేనని జవాబు పంపాము.